మారిన మనిషికి సాక్షి ఎవరు?
ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌లో ఆధ్యాత్మికత: జంషెడ్‌పూర్ నేపథ్యంలో ఒక సమీక్ష

పెద్ద కంపెనీల్లో ఇప్పుడిది మామూలైపోయింది. పై మెట్టుకు చేరిన అధికారికి సంస్థే ఒక కోచ్‌ను కుదురుస్తుంది. ఇద్దరూ తలుపు మూసుకుని కూర్చుంటారు. మొదట్లో మాటలన్నీ లక్ష్యాల చుట్టూ, టీము చుట్టూ, మీటింగుల చుట్టూ తిరుగుతాయి. నాలుగైదు సిట్టింగులు అయ్యేసరికి మాట లోపలికి మళ్లుతుంది. నాకింత కోపం ఎందుకు? ఈ కుర్చీ పోతే నేనెవరిని? ఇంత పరుగు ఎవరి కోసం? ఆ క్షణం నుంచి దాన్ని మేనేజ్‌మెంట్ శిక్షణ అనలేం. మన పెద్దలు ఆత్మవిచారం అన్న దారిలోకే అది వచ్చి చేరింది.

చిక్కు ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. సంస్థ డబ్బు కట్టి చేయించే ఆత్మవిచారంలో సత్యం ఎంత? ధ్యానం, మౌనం, సేవాభావం నేర్చుకున్న అధికారి నిజంగా మారతాడా, లేక అదే మనిషి మరింత ప్రశాంతంగా అవే పనులు చేస్తాడా? మారాడని ఎవరు చెప్పాలి: అతనా, కోచా, జీతమిచ్చే సంస్థా, అతని కింద పనిచేసేవాళ్లా? ఈ వ్యాసం ఈ ప్రశ్నలపై చరిత్ర, పరిశోధన, విమర్శ ఏం చెబుతున్నాయో ఒకచోట పేర్చి చూసే ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెబుతాను. కోచింగ్‌లో ఆధ్యాత్మికతకు తప్పకుండా చోటుంది. అధికారం చేతిలో ఉన్న మనిషికి, తనకంటే కిందివాళ్లు చెప్పే చేదు నిజం వినే శక్తి కలిగించడమే దాని పని. ఆ శక్తి కలిగిందో లేదో చెప్పాల్సింది కూడా ఆ కిందివాళ్లే.

ఉక్కు ఊరు, ఒక ఉత్తరం

ఈ ప్రశ్నను పరిశీలించడానికి జంషెడ్‌పూర్ మంచి చోటు. పరిశ్రమకూ ఆధ్యాత్మికతకూ మధ్య సంభాషణ ఈ ఊరు పుట్టకముందే మొదలైంది. 1893లో జంషెట్జీ టాటా, స్వామి వివేకానంద ఒకే ఓడలో జపాన్ నుంచి వాంకూవర్‌కు ప్రయాణం చేశారు. ఐదేళ్ల తర్వాత, 1898 నవంబర్ 23న, జంషెట్జీ స్వామికి ఒక ఉత్తరం రాశారు. మన దేశంలో పెరుగుతున్న త్యాగ భావాన్ని విజ్ఞాన శాస్త్రాల అధ్యయనం వైపు మళ్లించాలని, అలాంటి ఉద్యమానికి వివేకానంద ముందు నిలవాలని ఆయన కోరిక. సన్యాసిలోని ఏకాగ్రతను, నిరాడంబరతను ప్రయోగశాలలోకి, దేశ నిర్మాణంలోకి తేవాలన్నది ఆ ఆలోచన సారం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వెనుక ఉన్నదీ ఆ కలే. ఇప్పటి కోచింగ్ రంగం కొత్తగా కనిపెట్టామనుకుంటున్న బంధాన్ని ఒక పారిశ్రామికవేత్త నూట పాతికేళ్ల కిందటే కాగితం మీద పెట్టాడు.

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి గ్రామం దగ్గర కర్మాగారం లేచింది. 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో సాక్చి పేరు జంషెడ్‌పూర్ అయింది. పని కోసం వచ్చిన వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తుగా నిలిచి ఉంది.

ఎనిమిది గంటల పనిదినం ఇక్కడ 1912లోనే వచ్చింది. చట్టం దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది 1948లో. 1920లో వేతనంతో కూడిన సెలవు, భవిష్య నిధి వచ్చాయి. యజమానుల మంచితనానికి ఇవి గట్టి సాక్ష్యాలే. కానీ అదే ఊళ్లో 1920లోనూ, 1922లోనూ, 1928లోనూ పెద్ద సమ్మెలు జరిగాయి. 1928లో సుభాష్ చంద్ర బోస్ జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యాడు. ఉదారమైన యాజమాన్యం ఉన్నచోట కూడా కార్మికుడు తన మాట వినిపించుకోవడానికి పని ఆపాల్సి వచ్చింది. 1956లో కంపెనీకీ యూనియన్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం ఉమ్మడి సంప్రదింపుల మండళ్లకు దారి తీశాక, కిందివాడి మాటకు ఒక స్థిరమైన వేదిక దొరికింది. పై వాడి మనసు మంచిదైతే చాలదని, కింది మాట పైకి చేరే దారి కూడా ఉండాలని ఈ ఊరి చరిత్ర చెబుతోంది. కోచింగ్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

జెస్యూట్‌ల దారి: పక్కన నిలిచే గురువు

1949లో కాథలిక్ సన్యాస సంఘమైన జెస్యూట్‌లకు చెందిన ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ ఇక్కడ జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ఈరోజు ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐగా దేశమంతా ఎరిగిన సంస్థ అది. పేరులోనే కార్మిక సంబంధాలు ఉన్నాయి. యాజమాన్యాల వాళ్లకూ యూనియన్ నాయకులకూ కూడా పాఠాలు చెప్పడంతో మొదలైన చోటు. ఆ సంస్థ వెనుక ఉన్న జెస్యూట్ సంప్రదాయాన్ని చూడకుండా, కోచింగ్‌లో ఆధ్యాత్మికత గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

జెస్యూట్ సంఘానికి మూలపురుషుడైన ఇగ్నేషియస్ లొయోలా మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచం పట్టాడు. ఆ మంచం మీద, తర్వాత మన్రేసాలో గడిపిన నెలల్లో, తన లోపల కదిలే ఆలోచనలను గమనించడం నేర్చుకున్నాడు. ఏ ఆలోచన తర్వాత మనసు ఎండిపోతోంది, ఏది వెళ్లాక కూడా ఉల్లాసం మిగులుతోంది అని పరీక్షించుకున్నాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన ఆధ్యాత్మిక అభ్యాసాల పుస్తకాన్ని 1548లో పోప్ ఆమోదించాడు. దాన్ని ఒంటరిగా చదువుకోవడానికి రాయలేదు. ఒకరు అభ్యాసం ఇస్తారు, ఇంకొకరు చేస్తారు. ఒకరికొకరుగా ముప్పై రోజులు సాగే పద్ధతి అది.

అందులో రెండు సూచనలు నేటి కోచ్‌లకు నేరుగా పనికొస్తాయి. మొదటిది పదిహేనవ సూచన. అభ్యాసం ఇచ్చేవాడు చేసేవాడిని ఏ వైపుకూ నెట్టకూడదు, త్రాసు ముల్లులా నడిమధ్యన నిలవాలి, చేసేవాడికీ అతని దైవానికీ మధ్య అడ్డు రాకూడదు అంటుంది. రెండోది పంతొమ్మిదవ సూచన. ప్రజా వ్యవహారాల్లో తీరిక లేనివాళ్లు ఇల్లు, ఉద్యోగం వదిలి వెళ్లనవసరం లేదని, రోజుకు గంటన్నర కేటాయించి ఉన్నచోటే ఈ అభ్యాసం చేయవచ్చని ఆ సూచన చెబుతుంది. బాధ్యతల్లో మునిగిన అధికారుల కోసం దాదాపు ఐదు వందల ఏళ్ల కిందట వేసిన పాఠ్యక్రమం ఇది. రోజు చివర కాసేపు కూర్చుని, పొందినవాటికి కృతజ్ఞత చెప్పుకుని, చేసినవి నెమరు వేసుకుని, తప్పును ఒప్పుకుని, రేపటికి ఒక నిర్ణయం తీసుకునే అలవాటు కూడా ఇదే సంప్రదాయంలోనిది. కోచ్‌లు రాయమనే డైరీలకు ఇది పూర్వ రూపం.

ఈ ధారకు భారతీయ సాధనను జోడించినవాడు ఆంథొనీ డి మెలో. బొంబాయిలో 1931లో పుట్టిన ఈ జెస్యూట్ 1970ల్లో పుణెలో సాధన ఇన్‌స్టిట్యూట్ నెలకొల్పాడు. శ్వాసను గమనించే విపశ్యన పద్ధతిని, ఇగ్నేషియస్ అభ్యాసాలను, ఆధునిక మనస్తత్వ శాస్త్రాన్ని ఒక్కచోటికి తెచ్చాడు. ఆయన పోయిన 11 ఏళ్లకు, 1998లో, ఆయన రచనల్లో కొన్ని భావాలు క్రైస్తవ విశ్వాసానికి సరిపడవని వాటికన్ ప్రకటించింది. ఆధ్యాత్మికతను మతం గీతల నుంచి బయటికి తెస్తే మతమూ ఊరుకోదని ఆ ఉదంతం చూపింది. కంపెనీ అయినా, చర్చి అయినా, ఒక వ్యవస్థ ఆధ్యాత్మికతను తన చేతిలోకి తీసుకుంటే ఇలాంటి ఘర్షణ తప్పదు.

కాకినాడ ప్రయోగం, టి.వి. రావు బాట

తెలుగు పాఠకులకు ఈ కథలో ఇంకో వాటా ఉంది. ఒక మనిషిని కూర్చోబెట్టి లోపలి ప్రేరణను మార్చవచ్చా అన్న ప్రశ్నపై ప్రపంచం గుర్తుపెట్టుకున్న ప్రయోగాల్లో ఒకటి కాకినాడ వ్యాపారులపై జరిగింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ నుంచి చిన్న పరిశ్రమల వాళ్లను, వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు రప్పించింది. సుమారు పది రోజుల శిక్షణ. తమ గురించి తాము ఏమనుకుంటున్నారో రాయించారు, కథలు చెప్పించారు, లక్ష్యాలు పెట్టుకోమన్నారు. పోలిక కోసం శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను గమనించారు. ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో సుమారు సగం మంది కొత్త చొరవ చూపారు. పొందనివాళ్లలో అలా చేసింది సుమారు నాలుగో వంతు.

ఆ అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. సంప్రదాయ విశ్వాసాలు, ఆచారాలు ఉన్నవాళ్లు మారలేకపోయారని ఆధారాలు చూపలేదు. పూజ చేసుకునే మనిషి వ్యాపారంలో సాహసం చేయగలడు. ఆధునికం కావాలంటే విశ్వాసం వదులుకోవాలన్న ఆనాటి భావనకు ఇది గట్టి జవాబు. కానీ ఈ ప్రయోగం కొలిచినదేమిటో గమనించాలి. అది వ్యాపార చొరవను కొలిచింది. ఆ వ్యాపారుల దగ్గర పనిచేసేవాళ్ల బతుకు మారిందా అన్నది దాని ప్రశ్నల్లో ప్రధానంగా లేదు. నేటి కోచింగ్ అధ్యయనాలదీ ఇదే లోటు.

ఈ లోటును పూడ్చే పని తెలుగువాడైన ఆచార్యుడు టి.వి. రావు చేతుల మీదుగా సాగింది. ఉదయ్ పారీక్‌తో కలిసి 1970ల నడుమ లార్సెన్ అండ్ టూబ్రోలో మానవ వనరుల అభివృద్ధి వ్యవస్థను రూపొందించిన ఆయన, 1983 నుంచి 85 వరకు జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో ఆచార్యుడిగా ఉండి, అక్కడ మానవ వనరుల అభివృద్ధి కేంద్రానికి పునాది వేశారు. 1985లో నేషనల్ హెచ్‌ఆర్‌డి నెట్‌వర్క్ ఏర్పడింది. తర్వాత ఐఐఎం అహ్మదాబాద్‌లో సహచరులతో కలిసి, పై అధికారి, సాటివాళ్లు, కిందివాళ్లు అందరూ ఒక మేనేజర్ తీరుపై అభిప్రాయం చెప్పే పద్ధతిని మన దేశానికి అలవాటు చేశారు. దాన్నే నేడు 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అంటున్నాం. నాకు ఇది ఒక పరికరం కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. అధికారి అంతరంగం గురించి సాక్ష్యం చెప్పే హక్కు కిందివాడికి ఉందని ఒప్పుకున్న పద్ధతి ఇది.

కోచింగ్ వేళ్లలోనే ధ్యానం

ఎగ్జిక్యూటివ్ కోచింగ్ శుద్ధ వ్యాపార విద్య అని, ఆధ్యాత్మికతను దానిలోకి ఎవరో తర్వాత చొప్పించారని కొందరు వాదిస్తారు. చరిత్ర దానికి ఒప్పుకోదు. టెన్నిస్ నేర్పే టిమొతీ గాల్వే 1974లో రాసిన పుస్తకం ఈ రంగానికి మూలం. మనసులో ఒకటి ఎడతెగక తీర్పులు చెబుతూ ఉంటుందని, అది నిశ్శబ్దమైతే ఆట దానంతటదే బాగుపడుతుందని ఆయన ప్రతిపాదన. ఆయన అప్పటికి ఒక భారతీయ గురువు దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. గాల్వే పద్ధతిని వ్యాపార సంస్థల్లోకి తెచ్చిన జాన్ విట్మోర్ 1992లో రాసిన పుస్తకం, లక్ష్యం, వాస్తవ స్థితి, మార్గాలు, సంకల్పం అనే నాలుగు మెట్ల పద్ధతికి ప్రచారం తెచ్చింది. విట్మోర్ కూడా కాలిఫోర్నియాలోని ఎసలెన్‌లో మానవ వికాస ప్రయోగాలను చూసినవాడే. 1995లో థామస్ లెనార్డ్ అంతర్జాతీయ కోచ్ ఫెడరేషన్‌ను స్థాపించాడు.

అంటే కోచింగ్ పుట్టుకలోనే ఆధ్యాత్మికత ఉంది. పేరు మార్చి, గురువు ఫొటో తీసేసి, మత భాష తొలగించి ఆఫీసులోకి తెచ్చారు. దీనివల్ల మేలూ జరిగింది, నష్టమూ జరిగింది. ఏ మతం వాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా పాల్గొనగలగడం మేలు. అయితే సాధనతోపాటు ఉండాల్సిన యమనియమాలు దారిలో జారిపోయాయి. పతంజలి పద్ధతిలో అహింస, సత్యం, అస్తేయం ముందు వస్తాయి, ధ్యానం చాలా తర్వాత వస్తుంది. ఆఫీసు ధ్యానంలో మొదటి మెట్లు వదిలేసి ఏడో మెట్టు మీద కాలు పెట్టమంటున్నారు.

మన దేశంలో ఈ లోటును గుర్తించి పనిచేసినవాళ్లు ఉన్నారు. ఐఐఎం కలకత్తాలో ఎస్.కె. చక్రవర్తి 1995లో మానవ విలువల కేంద్రాన్ని నెలకొల్పి, ఉపనిషత్తులు, గీత, వివేకానంద, శ్రీ అరవిందుల ఆలోచనలను మేనేజర్ల చిత్తశుద్ధికి ఆధారం చేశారు. హైదరాబాద్ రామకృష్ణ మఠంలో వివేకానంద మానవ వికాస కేంద్రం నడుస్తోంది. వీటి బలం మన సంప్రదాయ లోతు. బలహీనత కూడా ఒకటుంది. ఉపదేశం ఒకవైపు నుంచే నడుస్తుంది, అధికారి శ్రోతగా మిగిలిపోవచ్చు.

ఈ చోట మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకు రావాలి. తన కోసం కట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను 1929 ఆగస్టు 3న వేలమంది అనుచరుల ముందే రద్దు చేశాడు. సత్యానికి సంస్థ దారి చూపలేదని, గురువు మీద ఆధారపడటమే బంధనమని ఆయన వాదన. ఇగ్నేషియస్ ఒక పద్ధతిని కట్టి గురువును పక్కన నిలబడమన్నాడు. కృష్ణమూర్తి పద్ధతినే వద్దన్నాడు. దారులు వేరైనా, మార్గదర్శి తప్పుకోవాలన్న చోట ఇద్దరూ ఒక్కటే. కోచ్ చెప్పినట్టు నడిచే అధికారి మారలేదు, యజమానిని మార్చుకున్నాడంతే.

పరిశోధనలు ఏం తేల్చాయి

కోచింగ్ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అధ్యయనాల జవాబు మొత్తంమీద అనుకూలం. 2014లో టీబూమ్, సహచరులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, పనితీరు, మనశ్శాంతి, ఒత్తిడిని తట్టుకోవడం, లక్ష్యం వైపు తనను తాను నడుపుకోవడం వంటి వాటన్నిటిలో మధ్యస్థమైన మేలు ఉందని తేల్చారు. 2016లో జోన్స్, వుడ్స్, గియోమ్ చేసిన విశ్లేషణ కూడా మేలునే చూపింది. అయితే ఈ ఫలితాల్లో చాలా భాగం కోచింగ్ తీసుకున్నవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నవే. తన మార్పుకు తానే సాక్షి అయితే ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి?

ధ్యానం విషయంలో ఫలితాలు ఇంకా ఆలోచింపజేస్తాయి. 2018లో హాఫెన్‌బ్రాక్, వోస్ చేసిన ప్రయోగాల్లో కాసేపటి ధ్యానం తర్వాత పని మీద ఉబలాటం తగ్గింది, పనితీరు మాత్రం తగ్గలేదు. అదే ఏడు గెబావర్, సహచరులు యోగాభ్యాసం, ధ్యానం చేసినవాళ్లలో అహం తగ్గాల్సింది పోయి, తాము ఇతరులకంటే మెరుగన్న భావన పెరిగిందని చూపారు. 2022లో హాఫెన్‌బ్రాక్, మరో ఇద్దరు ఇంకో అడుగు వేశారు. ఇతరులకు అన్యాయం చేసిన వాళ్లు శ్వాస మీద ధ్యానం చేస్తే అపరాధ భావన తగ్గిందని, దానితోపాటు ఆ అన్యాయాన్ని సరిదిద్దాలన్న కోరికా తగ్గిందని వాళ్ల ప్రయోగాలు చెప్పాయి. ఇతరుల క్షేమాన్ని కోరే మైత్రీ ధ్యానం చేసినవాళ్లు మాత్రం సరిదిద్దడానికి ఎక్కువగా ముందుకొచ్చారు.

అధికారులకు ధ్యానం నేర్పే ప్రతి కోచ్ ఈ ఫలితాన్ని చదవాలని నా కోరిక. తన సంతకంతో వందమంది ఉద్యోగం పోయిన రాత్రి నిద్ర పట్టని అధికారికి ప్రశాంతత ఇవ్వడం దయ అనిపిస్తుంది. ఆ నిద్రలేమి అతని మనస్సాక్షి మాట్లాడుతున్న గొంతైతే, దాన్ని సద్దుమణిగించడం ఎవరి మేలు కోసం? జంషెడ్‌పూర్‌కు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 1990ల మొదట్లో టాటా స్టీల్‌లో సుమారు 78 వేల మంది ఉద్యోగులు ఉండేవారు. 2000ల నడిమికి ఆ సంఖ్య సగానికి వచ్చింది. ముందస్తు విరమణ పథకం కింద నెలనెలా డబ్బు చెల్లించే ఏర్పాటుతో, యూనియన్‌తో సంప్రదిస్తూ ఆ తగ్గింపు జరిగింది. అలాంటి నిర్ణయాలు తీసుకున్నవాళ్లకు కావలసింది బాధను మరిపించే సాధన కాదు. బాధను మోస్తూ, దాని నుంచి న్యాయమైన ఏర్పాటును తయారుచేసే ధైర్యం కావాలి.

360 డిగ్రీల పద్ధతికీ పరిశోధన ఒక హెచ్చరిక ఇచ్చింది. 1996లో క్లూగర్, డెనిసి వందలాది ఫలితాలను పరిశీలించి, ఫీడ్‌బ్యాక్ సగటున మేలు చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరును దిగజార్చిందని తేల్చారు. మాట పని మీది నుంచి మనిషి అహం మీదికి వెళ్లినప్పుడు అది ఎదురు తిరుగుతుందని వాళ్ల వివరణ. 2016 విశ్లేషణలోనూ, అన్ని వైపుల ఫీడ్‌బ్యాక్ జోడించిన కోచింగ్ కంటే, జోడించని కోచింగ్‌కే ఎక్కువ ఫలితం కనిపించింది. దీన్నిబట్టి ఫీడ్‌బ్యాక్ మానేయమంటారు కొందరు. నాకు వేరుగా అనిపిస్తోంది. చేదు మాట తగిలినప్పుడు విలవిల్లాడేది అహం. ఆ అహాన్ని కాస్త సడలించి, మాటను విననిచ్చే పని సాధన చేయగలదు. ఫీడ్‌బ్యాక్ లేని సాధన ఆత్మతృప్తిగా మిగులుతుంది. సాధన లేని ఫీడ్‌బ్యాక్ గాయంగా మిగులుతుంది. రెండింటినీ కలపడమే కోచ్ నేర్పు.

అభ్యంతరాలు, వాటి బరువు

ఆధ్యాత్మిక కోచింగ్ మీద వచ్చే విమర్శల్లో మూడింటిని తేలిగ్గా తీసుకోకూడదు.

మొదటిది, వ్యవస్థ తప్పును వ్యక్తి మనసు మీదికి నెట్టడం. పన్నెండు గంటల పని, చాలని సిబ్బంది, అసాధ్యమైన టార్గెట్లు ఉన్నచోట శ్వాస మీద దృష్టి పెట్టమనడం సమస్యను దాచడమే. 2019లో రొనాల్డ్ పర్సర్ రాసిన పుస్తకం ఈ విమర్శకు విస్తృత ప్రచారం తెచ్చింది. మైండ్‌ఫుల్‌నెస్ ఒక సరుకుగా మారి నైతిక మూలాలు కోల్పోయిందని ఆయన వాదన. ఈ విమర్శ న్యాయమైనదే. 1912లో ఎనిమిది గంటల పనిదినం తెచ్చిన ఊరికి ఈ వాదన ఇట్టే అర్థమవుతుంది. పని వేళలు మార్చకుండా కార్మికుడికి ఓర్పు నేర్పితే అది సంక్షేమం అనిపించుకోదు.

రెండోది, విశ్వాస స్వేచ్ఛ. జంషెడ్‌పూర్ ఆఫీసుల్లో హిందువులు, ముస్లింలు, సిక్కులు, క్రైస్తవులు, పార్సీలు, సర్నా ధర్మం పాటించే ఆదివాసులు పక్కపక్కనే పనిచేస్తారు. ఒక సంప్రదాయం నుంచి వచ్చిన సాధనను సంస్థ ఖర్చుతో, బాస్ ప్రోత్సాహంతో పెడితే, వద్దని చెప్పే స్వేచ్ఛ కాగితం మీదే ఉంటుంది. పైగా ఆధ్యాత్మికత అంటే ఒక్కడు కళ్లు మూసుకుని కూర్చోవడమే అన్న భావన అందరిదీ కాదు. ఈ ఊరి చుట్టూ ఉన్న హో, సంతాల్ సమాజాల్లో పవిత్రత జాహెర్‌థాన్ అనే పవిత్ర వనంలోని సాల వృక్షాల్లో ఉంటుంది. బాహా పండుగ జరిగేదాకా కొత్త సాల పూలు తలలో పెట్టుకోరు. హో సమాజంలో ఊరి వ్యవహారాలు ముండా, మాన్కీ అనే పెద్దల సమక్షంలో నలుగురూ కూర్చుని తేల్చుకునే ఆచారం ఉంది. 2014 నుంచి ఏటా నవంబర్‌లో ఇక్కడ జరిగే సంవాద్ ఆదివాసీ సమ్మేళనంలో అలాంటి దృక్పథాలు వినిపిస్తున్నాయి. మనిషి మారడమంటే తన నేలతో, తన ఊరితో సంబంధం మారడమని చెప్పే ఈ దృష్టికి, కోచింగ్ పాఠ్యక్రమాల్లో ఇంతవరకు చోటు దొరకలేదు.

మూడోది, రహస్యం. కోచ్‌కు డబ్బిచ్చేది సంస్థ, మనసు విప్పేది అధికారి. తన భయాలు, వైవాహిక కష్టాలు, పదవి మీద విరక్తి అతను చెప్పుకున్నాక, హెచ్ఆర్ విభాగం ప్రమోషన్ కోసం కోచ్ అభిప్రాయం అడిగితే? కాథలిక్ చర్చి 1983 నాటి చట్ట సంహితలో దీనికి స్పష్టమైన నియమం పెట్టుకుంది. మతాచార్యుడు కాబోయే విద్యార్థికి గురుపట్టం ఇవ్వాలా, అతన్ని బయటికి పంపాలా అన్న నిర్ణయంలో అతని ఆధ్యాత్మిక మార్గదర్శి అభిప్రాయాన్ని, పాపనివేదన విన్న మతాచార్యుడి అభిప్రాయాన్ని ఎన్నడూ అడగకూడదు. ఎన్నో వందల ఏళ్ల అనుభవం నేర్పిన జాగ్రత్త అది. మనసు వినేవాడు వేరు, భవిష్యత్తు తేల్చేవాడు వేరు. కోచింగ్ ఒప్పందాలు కూడా ఇంతే నిక్కచ్చిగా ఉండాలి. మన దేశంలో కోచ్‌లకు చట్టబద్ధమైన లైసెన్సు విధానం లేదు కాబట్టి ఈ బాధ్యత మరింత బరువైనది. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచన వంటివి ఎదురైతే కోచ్ తన హద్దు గుర్తించి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ఆధ్యాత్మికత పేరుతో వైద్యాన్ని వాయిదా వేయడం ప్రాణాపాయం.

గీటురాయి ఏది కావాలి

ఇంతవరకు చూసిన ధారలన్నీ ఒక చోట కలుస్తున్నాయి. ఇగ్నేషియస్ నుంచి కృష్ణమూర్తి దాకా మార్గదర్శి పక్కకు జరగాలన్నారు. పతంజలి నీతిని ధ్యానానికి ముందు పెట్టాడు. మైత్రీ ధ్యానం సరిదిద్దే కోరికను పెంచిందని ప్రయోగం చూపింది. కార్మికుడి మాటకు వేదిక కావాలని ఈ ఊరి సమ్మెలు చెప్పాయి. కిందివాడి సాక్ష్యాన్ని పద్ధతిగా మార్చవచ్చని టి.వి. రావు చూపారు. వీటన్నిటి నుంచి కోచింగ్‌ను తూచడానికి కొన్ని షరతులు ఏర్పరచుకోవచ్చు.

సాధన ఏదైనా అధికారి స్వేచ్ఛగా ఎంచుకున్నదై ఉండాలి. నమాజు, గురుబాణీ, జపం, మౌన నడక, ఏ దైవమూ లేని ఆత్మపరిశీలన, అన్నిటికీ ఒకే గౌరవం దక్కాలి. కోచ్ విన్నది ఏదీ ప్రమోషన్ ఫైలులోకి వెళ్లకూడదు. కోచింగ్ మొదలయ్యేటప్పుడే, మార్పు ఎవరి జీవితంలో కనబడాలో ఇద్దరూ రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత, ఆ మనుషులనే అడగాలి. వాళ్ల పేర్లు బయటపడకుండా చూడాలి. చేదు మాట వచ్చినప్పుడు దాన్ని అధికారికి కోచ్ పక్కన కూర్చుని చదివి వినిపించాలి, ఆ మాటను తట్టుకుని స్పందించే వరకు తోడుండాలి. సాధన అసలు పరీక్ష అదే.

ఇంకో షరతు నాకు అన్నిటికంటే ముఖ్యం. 360 డిగ్రీల వలయంలో ఇప్పుడు ఉన్నది పే రోల్ మీది ఉద్యోగులే. కాంట్రాక్టరు పంపిన మనిషి, గేటు పాసు మీద లోపలికి వచ్చే మనిషి, క్యాంటీన్‌లో వడ్డించే మనిషి ఆ వలయం బయటే ఉన్నారు. అధికారి నిర్ణయాల బరువు ఎక్కువగా మోసేది వాళ్లే, అతని గురించి ఎవరూ అడగనిదీ వాళ్లనే. వాళ్ల మాట చేరని వలయాన్ని పూర్తి వలయం అనలేం. పని ప్రదేశంలో ప్రమాదాలు, దాదాపు జరగబోయి తప్పిన ప్రమాదాల గురించి వాళ్లు చెప్పిన సంగతులు, ఆ సంగతులపై తీసుకున్న చర్యలు కోచింగ్ ఫలితాల్లో లెక్కకు రావాలి.

జంషెడ్‌పూర్‌కు ఈ పని మొదలుపెట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కార్మిక సంబంధాల పేరుతో పుట్టిన విద్యాసంస్థ ఉంది. ఉమ్మడి సంప్రదింపుల అలవాటు ఉంది. ఎన్నో విశ్వాసాలు కలిసి బతికే వాడలు ఉన్నాయి. హైదరాబాద్, విశాఖ కంపెనీలు కూడా ఇక్కడి అనుభవం నుంచి నేర్చుకోవచ్చు. విశాఖలోనూ ఉక్కు ఉంది, యూనియన్లు ఉన్నాయి, కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. హైదరాబాద్ ఐటీ కార్యాలయాల్లో ధ్యాన గదులు ఉన్నాయి గాని, ఆ గదుల్లోంచి బయటికి వచ్చాక టీమ్ లీడర్ ఎలా మాట్లాడుతున్నాడని అడిగే ఏర్పాటు కూడా ఉండాలి.

తన లోపలికి చూసుకునే అధికారి సమాజానికి అవసరం. అలా చూసుకోవడానికి సంస్థ సమయం, డబ్బు కేటాయించడం మంచి ఖర్చే. ఆ ఖర్చు ఫలించిందా లేదా అన్నది అతని డైరీలోనూ, కోచ్ నివేదికలోనూ వెతకక్కర్లేదు. రాత్రి నడిచే సి షిఫ్టులో ఒక కాంట్రాక్టు కార్మికుడు, ఈ యంత్రం ఇలా నడిస్తే ప్రమాదమని పైకి చెప్పగలిగాడా, చెప్పాక యంత్రం ఆగిందా, మర్నాడు అతని గేటు పాసు అలాగే ఉందా అని అడిగితే చాలు. ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ అధికారి మారాడని నేను నమ్ముతాను.